అర్థమైందా అని అడగని మనిషి

చెంబులో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, గుప్పెడు పంచదార వేసి చెంచాతో కలుపుతుంటే టింగుటింగుమని ఒక చిన్న చప్పుడు వస్తుంది. నాలుగు రోజులుగా మా ఇంట్లో ఆ చప్పుడే. కలిపిన ప్రతిసారీ పాపకు పట్టే ముందు ఒక చుక్క నా నాలుక మీద వేసుకుని చూస్తున్నాను. ముందు తీపి తగులుతుంది. దాని వెనకే, కొంచెం ఆలస్యంగా, ఉప్పు వస్తుంది. పాపకు తొమ్మిది నెలలు. విరేచనాలు నిన్నటితో కట్టాయి. సాయంత్రం పాలు తాగి, నా జడ పట్టుకుని ఒక లాగు లాగి, హాయిగా పడుకుంది. నిద్ర పట్టనిది నాకే. గంటకోసారి లేచి దాని నోరు తడిగా ఉందా, మాడు లోతుకు పోయిందా అని వేలితో తడిమి చూసి, మళ్లీ వచ్చి ఈ కాగితాల ముందు కూర్చుంటున్నాను. "దానికి తగ్గింది, ఇక నీకు తగ్గాలి" అని మా వారు నవ్వి అటు తిరిగి పడుకున్నారు.

ఆ ఉప్పూ తీపీ నాలుక మీద పడ్డప్పుడల్లా నాకు రాహేలమ్మ గారు గుర్తొస్తున్నారు. ఆవిడ నందిగామ, చందర్లపాడు వైపు ఊళ్లలో తిరిగే నర్సు. ఊళ్లో అందరికీ నర్సమ్మ. నాకు బంధువు కాదు, పాఠం చెప్పిన పంతులమ్మ కాదు. రెండేళ్లు ఆవిడ వెంట తిరిగాను, అంతే. కానీ ఈ నాలుగు రోజుల్లో నా బిడ్డ దగ్గర నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అది ఆవిడది. చేయబోయి ఆగిన తప్పు కూడా ఆవిడ వల్లే ఆగింది.

నా పెళ్లికి ముందు సంగతి, ఎనభైల మొదట్లో. నందిగామలో బి.ఏ. పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. మా నాన్న గారు అక్కడి కోర్టులో గుమాస్తా. పొద్దస్తమానం దస్తావేజుల భాషతో గడిపే మనిషికి ఇంటికొచ్చాక మంచి తెలుగు వినాలని ఉండేది. భోజనాల దగ్గర "భారతీ, ఇవాళ కొత్త మాట ఏం పట్టుకొచ్చావు?" అని అడిగేవారు. నేనొక అరుదైన మాట చెబితే ముద్ద చేతిలో పట్టుకుని రెండుసార్లు పలికి చూసుకుని తృప్తిగా తలాడించేవారు. మిగతా ఆడపిల్లలు రిబ్బన్లు దాచుకున్నట్టు నేను మాటలు దాచుకునేదాన్ని. కాలేజీ వక్తృత్వ పోటీల్లో మూడేళ్లూ బహుమతి నాదే. "ఇది మాట్లాడితే పక్కన నిఘంటువు పెట్టుకోవాలే" అని స్నేహితురాళ్లు వెక్కిరించేవాళ్లు. అది మెప్పని అనుకునేదాన్ని. వాళ్లు మెల్లగా నా పక్క నుంచి లేచి వేరే బెంచీకి వెళ్లి నవ్వుకుంటున్నారని గమనించినా, అసూయ అని సరిపెట్టుకున్నాను.

ఆ రోజుల్లో మహిళా మండళ్లలో తల్లులకు పిల్లల ఆరోగ్యం గురించి చెప్పే తాత్కాలిక ఉద్యోగం ఒకటి దొరికింది. పది రోజుల శిక్షణ, చేతికో చిన్న పుస్తకం. ఆ పుస్తకంలో భాష నా కోసమే రాసినట్టుంది. దాన్ని ఒక్క పూటలో కంఠస్థం చేసేశాను. చందర్లపాడు బస్సు దగ్గర రాహేలమ్మ గారిని మొదటిసారి చూశాను. యాభైకి దగ్గరపడ్డ వయసు, సన్నటి మనిషి, నల్లగా, నిటారుగా ఉండేవారు. చేతిలో మగవాళ్ల గొడుగు, భుజానికి రెక్సిన్ సంచీ. సంచీలో మందులతో పాటు గుడ్డలో చుట్టిన ఒక స్టీలు చెంబు. అదెందుకో అప్పుడు నాకు తెలియదు. దారిలో తాగడానికేమో అనుకున్నాను.

నా మొదటి ఉపన్యాసం కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, బడి వరండాలో. ముప్ఫై మంది ఆడవాళ్లు వచ్చారు. కొందరి ఒళ్లో పిల్లలు. నేను లేచి నిలబడి గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "శిశువుకు అతిసారం సంక్రమించినపుడు దేహంలోని జలాంశం క్షీణిస్తుంది. తక్షణమే లవణ శర్కర ద్రావణాన్ని స్వల్ప పరిమాణాల్లో తరచుగా సేవింపజేయాలి. స్తన్యపానాన్ని ఎట్టి పరిస్థితిలోనూ నిలుపరాదు." అలా పావుగంట. ఎక్కడా తడబడలేదు. ముందు వరసలో ఎర్రంచు చీర కట్టుకున్న ఒక చిన్న వయసు తల్లి నోరు కొద్దిగా తెరిచి నన్నే చూస్తోంది. ఆమె కళ్లలోని ఆశ్చర్యం నాకు ఇంకా బలాన్నిచ్చింది. చివర్లో "అందరికీ అర్థమైందా?" అని అడిగాను. "అయిందమ్మా" అని ఒకే గొంతుగా అన్నారు. ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని "ఎంత బాగా చెప్పావు తల్లీ, హరికథ విన్నట్టుంది" అంది. నేను పొంగిపోయాను.

తిరిగి బస్సు కోసం నడుస్తుండగా రాహేలమ్మ గారు అన్నారు, "బాగా మాట్లాడావమ్మాయ్. రేడియోలో మాట్లాడినట్టే ఉంది. ఇంతకీ ఏం చెప్పావు?"

"మీరు విన్నారు కదండీ."

"విన్నాలే. నాకు ఉద్యోగం కాబట్టి తెలిసింది. ఆళ్లకేం తెలిసిందో?"

"అర్థమైందా అని అడిగాను కదండీ. అయిందన్నారు."

"అంతమందిలో ఇంకేమంటారు?" అని ఆవిడ గొడుగు తెరిచారు. తర్వాత బస్సు వచ్చేదాకా మిరపకాయల ధర గురించి మాట్లాడారు. నాకు లోపల మండిపోయింది. ఏడో తరగతి చదివి మంత్రసాని శిక్షణ పొందిన మనిషి నన్ను పరీక్షిస్తోందా అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. కానీ అనుకున్న మాట అదే.

ఆవిడ పని చేసే పద్ధతి ఆ తర్వాతి వారం మిరప కల్లంలో చూశాను. ఎర్రటి కాయల గుట్టల చుట్టూ ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఆవిడ సంచీ పక్కన పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, తనూ తొడిమలు తీయడం మొదలుపెట్టారు. మధ్యమధ్య తుమ్ములు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య ఒక్కో ముక్క. పిల్లలకు టీకా ఎందుకు, వేశాక జ్వరం వస్తే ఏం చెయ్యాలి, అంతే. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత ఊరుకున్నారు. ఎవరి కోసమో చూస్తున్నట్టు దారి వైపు చూశారు. కాసేపటికి చంకలో పిల్లను వేసుకుని ఒకామె వచ్చింది.

"నాగమణీ, ఇప్పుడా రావడం? ఏమే ధనమ్మా, నేనేం చెప్పానో దీనికి చెప్పు" అన్నారు.

ధనమ్మ చెప్పింది. సగం తప్పు చెప్పింది. పక్కనున్నామె నవ్వి, "నీ మొహం, టీకా వేశాక వేడి నీళ్లతో కాపడం పెట్టమందా? నువ్వు మీ ఆయన నడుం గురించి ఆలోచిస్తున్నావు" అంది. అందరూ గొల్లుమన్నారు. ఎవరు చెప్పింది ఒప్పో వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు. వాదం ముదిరాక ఆవిడ వైపు తిరిగి అడిగారు. అప్పుడు గాని ఆవిడ నోరు విప్పలేదు. ప్రతి గుంపులోనూ ఆలస్యంగా వచ్చే మనిషి ఒకరుంటారని, ఆ మనిషి కోసమే ఆవిడ ఎదురుచూస్తారని నాకు నాలుగైదు ఊళ్లు తిరిగాక తెలిసింది. ఎవరూ ఆలస్యంగా రాకపోతే తనే లేచి వెళ్లి పక్కింటి నుంచి ఒకరిని పిలుచుకొచ్చేవారు. ఆవిడ నోట "అర్థమైందా" అనే మాట ఒక్కసారి కూడా వినలేదు. అయితే అప్పట్లో నాకదంతా కాలయాపనగా కనిపించింది. ఒకే ముక్కను నలుగురి నోట్లో తిప్పడం దేనికి? ఆ సమయంలో నేనైతే నాలుగు విషయాలు చెప్పేస్తాను. అలా చెబుతూనే ఉన్నాను కూడా, ఊరూరా, అదే పుస్తకం భాషలో.

మామిడికాయలు వచ్చే రోజుల్లో, మొదటిసారి మాట్లాడిన ఆ ఒడ్డు మీది ఊరికే మళ్లీ వెళ్లాం. బస్సు దిగి ఊళ్లోకి నడుస్తుంటే ఒకామె పరుగెత్తుకొచ్చింది. "నర్సమ్మగారూ, కోటేశ్వరమ్మ పిల్లాడు కళ్లు తేలేశాడు, తొందరగా రండి!"

కోటేశ్వరమ్మ అంటే ఆ రోజు ముందు వరసలో నన్నే చూస్తూ కూర్చున్న ఎర్రంచు చీర అమ్మాయి. అరుగు మీద పిల్లవాడు ఆమె ఒళ్లో గుడ్డపీలికలా ఉన్నాడు. ఏడాది నిండని బిడ్డ. కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గానీ కళ్లలో నీళ్లు లేవు. రాహేలమ్మ గారు పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలారు. అది వెంటనే సర్దుకోలేదు, మడతపడి అలాగే నిలబడింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండు రోజులండి" అంది కోటేశ్వరమ్మ.

"నీళ్లు పట్టావా?"

సమాధానం గుమ్మంలో నిలబడ్డ అత్తగారి నుంచి వచ్చింది. ఆవిడ పేరు సుబ్బమ్మ. నా గడ్డం పట్టుకుని హరికథ అని మెచ్చుకున్నది ఆవిడే. "విరేచనాలప్పుడు నీళ్లు పోస్తే ఇంకా ఎక్కువవుతయ్యి గదా. పాలు గూడా ఆపించా. మా పిల్లలకీ అట్టాగే చేశాం."

నాకు ఏమైందో తెలియదు. గొంతు పెంచి కోటేశ్వరమ్మను నిలదీశాను. "ఆ రోజు చెప్పాను కదమ్మా! నువ్వు ముందే కూర్చున్నావు. అర్థమైందా అంటే అయిందన్నావు!"

ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది. కోపం లేదు. "కాలేదని అందరి ముందూ ఎట్టా చెప్పనండీ? అందరూ అయిందన్నారు. నేనొక్కదాన్నే మొద్దునేమో అనుకున్నా."

మమ్మల్ని పిలుచుకొచ్చిన ఆడమనిషి మెల్లగా అంది, "నాకూ ఏం తెలియలేదే. నువ్వు అన్నావని నేనూ అన్నా."

రాహేలమ్మ గారు నా వైపు చూడను కూడా లేదు. సంచీలోంచి ఆ స్టీలు చెంబు తీశారు. "అమ్మాయ్, పొయ్యి మీద నీళ్లు పెట్టించు" అన్నారు, కూర తరగమన్నట్టు మామూలుగా. ఒకరిని బండి కట్టమని పంపారు. నీళ్లు కాగి చల్లారేలోపు కోటేశ్వరమ్మ చేత పిల్లవాడి నోటికి పాలు అందించే ప్రయత్నం చేయించారు. తర్వాత చెంచా చెంచాగా నీళ్లు పట్టడం మొదలైంది. రెండు చెంచాలు మింగి మూడోది కక్కేవాడు. ఆవిడ తుడిచేవారు, కాసేపు ఆగేవారు, మళ్లీ పట్టేవారు. బండి వచ్చాక బండిలోనూ అదే పని. ఎడ్లబండి కుదుపుల్లో నీళ్లు ఒలక్కుండా నేను చెంబు పట్టుకుని కూర్చున్నాను. రోడ్డెక్కి, బస్సు ఎక్కి, నందిగామ ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి కోటేశ్వరమ్మ ఒక్కసారిగా "అమ్మో, తడిపాడండీ!" అని అరిచింది. చీర కుచ్చెళ్లు తడిసిపోయాయి. రాహేలమ్మ గారు నడిరోడ్డు మీద రెండు చేతులెత్తి దండం పెట్టి, తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఒక బిడ్డ ఒంటికి పోసుకుంటే మనుషులు అంతగా సంతోషిస్తారని నేను అప్పటిదాకా ఎరగను.

పిల్లవాడు బతికాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపారు. ఆ మూడు రోజులూ నేను ఇంట్లో సరిగ్గా తినలేదు. మా నాన్న గారు అలవాటుగా కొత్త మాట అడిగితే లేచి వెళ్లిపోయాను. ఉద్యోగం మానేస్తానని రాహేలమ్మ గారికి చెప్పడానికి వెళ్లాను. ఆవిడ బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. నేను చెప్పిందంతా విని, పొట్లంలోంచి ఒక ఇడ్లీ నా చేతిలో పెట్టారు.

"మానేసి ఏం చేస్తావు?"

"నా వల్ల పిల్లాడు పోయేవాడండీ."

"నీ ఒక్కదాని వల్లేనా? నేనూ పక్కనే కూర్చున్నాగా. కొత్తమ్మాయి, నొచ్చుకుంటుందిలే అని ఊరుకున్నా. తప్పులో నాకూ వాటా ఉంది." నీళ్లు తాగి మూతి తుడుచుకున్నారు. "మంగళవారం మళ్లీ పోదాం. ఆ ఊరికే. ఆ వరండాకే."

ఆ మంగళవారం నా జీవితంలో నాకు బాగా గుర్తున్న రోజుల్లో ఒకటి. వరండాలో అదే గుంపు. కోటేశ్వరమ్మ ఒళ్లో పిల్లవాడు చెక్కబొమ్మను కొరుకుతున్నాడు. నేను లేచి నిలబడబోతే రాహేలమ్మ గారు కొంగు పట్టి కిందికి లాగారు. చాప మీద కూర్చున్నాను. "పోయినసారి నేను మీకు తెలిసేటట్టు చెప్పలేదు. తప్పు నాది. మళ్లీ చెబుతా, వినండి" అన్నాను. బహుమతులు తెచ్చిన నా గొంతుకు ఆ మూడు ముక్కలే బరువయ్యాయి. "హరికథ లేదా ఇవాళ?" అని ఎవరో వెనక నుంచి అన్నారు. నవ్వులు. నేనూ నవ్వాను, ఏడుపు ఆపుకోవడానికి.

పిల్లలకు విరేచనాలవుతుంటే ఒంట్లో నీరు పోతుంది, పోయిన నీరు మళ్లీ పొయ్యాలి, పాలు ఆపకూడదు. ఇంతే చెప్పాను. చెంబు మధ్యలో పెట్టి, నీళ్లు, ఉప్పు, పంచదార కలిపి చూపించాను. తర్వాత ఇద్దరం నోరు మూసుకుని కూర్చున్నాం. చాలాసేపటికి సుబ్బమ్మ వచ్చింది. కావాలనే ఆలస్యంగా వచ్చిందని ఆమె మొహమే చెబుతోంది.

"రావాల్సిన మనిషి వచ్చింది" అన్నారు రాహేలమ్మ గారు. "కోటేశ్వరమ్మా, మీ అత్తకి చెప్పు."

ఆ ఊళ్లో నలుగురి ముందు అత్తకు కోడలు చెప్పడం అనేది లేదు. "ఇదెక్కడి చోద్యం నర్సమ్మా! కోడలు చెబుతా ఉంటే అత్త చేతులు కట్టుకుని వినాలా?" అంది సుబ్బమ్మ.

"చేతులు కట్టుకోమాకు. చెయ్యి చాపు" అని రాహేలమ్మ గారు ఆవిడ అరచేతిలో ఒక చెంచాడు నీళ్లు పోశారు. "తాగి చూసి, ఉప్పు సరిపోయిందో లేదో నువ్వు చెప్పు. నీ కంటే బాగా ఎవరికి తెలుసు ఇక్కడ?"

సుబ్బమ్మ అందరి వైపూ ఒకసారి చూసి, నాలుకకు తాకించింది. అప్పుడు కోటేశ్వరమ్మ, తల వంచుకుని, పిల్లవాడితో మాట్లాడుతున్నట్టుగా, మొత్తం చెప్పింది. ఒక్క ముక్క పోలేదు. సుబ్బమ్మ ఆమెను అడ్డుకోలేదు. అంతా అయ్యాక పెదవులు చప్పరించి, "ఏడ్చినప్పుడు నోట్లోకి జారే నీళ్లు ఎట్టా ఉంటయ్యో అట్టా ఉంది ఉప్పు" అంది. "మా ఆయన పోయినప్పుడు నెల రోజులు తాగా ఈ రుచి. అంతకంటే ఉప్పగా ఉంటే మాత్రం బిడ్డకి పొయ్యబాకండే."

రాహేలమ్మ గారు ఆ మాట పట్టుకున్నారు. ఆ తర్వాత తిరిగిన ప్రతి ఊళ్లోనూ చెంబు మధ్యలో పెట్టి, "ఉప్పు ఎంత ఉండాలో మా సుబ్బమ్మత్త చెప్పింది" అని మొదలుపెట్టేవారు. పుస్తకంలో ఆ కొలత లేదు. దాన్ని మర్చిపోయిన తల్లిని మాత్రం నేను చూడలేదు.

ఇంకొకటి చెప్పకపోతే ఆవిడ గురించి సగమే చెప్పినట్టు. ఒకసారి నందిగామలో పెద్ద మీటింగు జరిగింది. పై నుంచి వచ్చిన అధికారి కొత్త రిజిస్టర్లు ఎలా రాయాలో గంటసేపు చెప్పారు. సగం ఇంగ్లీషు, మిగతా సగం నాకు ఇష్టమైన రకం తెలుగు. "ఎనీ డౌట్స్?" అన్నారు. నర్సులందరూ తలలు అడ్డంగా ఊపారు. నా పక్కన రాహేలమ్మ గారూ ఊపారు. బయటికొచ్చాక చెట్టు కింద ఆగి, "అమ్మాయ్, ఆయన చెప్పింది నాకు ముక్క తెలియలా" అన్నారు.

"మరి అడగలేదేమండీ? మీరు కూడానా!"

"అంతమందిలో ఎట్టా అడగనే? ముప్ఫై ఏళ్ల సర్వీసు. నవ్వరూ?" ఆవిడ మొహంలో అచ్చం కోటేశ్వరమ్మ మొహం కనిపించింది. బస్సులో పక్కన కూర్చుని ఒక్కో గడి వేలితో చూపిస్తూ చెప్పాను. దిగే ముందు ఆవిడ నాకు మొత్తం తిరిగి అప్పజెప్పారు, రెండు తప్పులతో. దిద్దాను. "చూశావా, నాకు నువ్వున్నావు. ఆళ్లకెవరున్నారు?" అన్నారు. రిజిస్టరు సంచీలో పెట్టుకుంటూ, "నీ పెద్ద మాటలు పారెయ్యమాకు. ఇట్టాంటి చోట అయ్యి కావాలి. మూట విప్పే చోటు తెలుసుకో, చాలు" అన్నారు. మా నాన్న గారి అన్నం పళ్లెం ముందు కొత్త మాటలు మళ్లీ మొదలయ్యాయి. అవి అక్కడ సంతోషంగానే ఉన్నాయి.

తర్వాత నా పెళ్లయింది, జగ్గయ్యపేట వచ్చేశాను. ఆవిడకు తిరువూరు వైపు బదిలీ అయిందని విన్నాను. రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఆవిడ ఉత్తరాలు రాసే మనిషి కాదు.

నాలుగు రోజుల కిందట పాపను ఎత్తుకుని ఇక్కడి డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. బెంచీల నిండా పిల్లల తల్లులు. తలుపు తీసే ఉంది, లోపల మాట్లాడేది అందరికీ వినిపిస్తుంది. డాక్టరు గారు మంచివారు, కానీ ఊపిరాడని పని. పాపను చూస్తూ, రాస్తూ, గబగబా చెప్పారు. ఫ్లూయిడ్స్, ఫీడ్స్, యూరిన్ అవుట్‌పుట్, ఏదో గమనించాలి, ఏదో అయితే రావాలి. "ఓకేనా అమ్మా?" అన్నారు. ఆ నీళ్ల సంగతి ఊరూరా చెప్పి తిరిగినదాన్ని. అయినా పాప మెడ నా భుజం మీద వాలిపోయి ఉంటే నా తలలోకి ఒక్క ముక్క కూడా వెళ్లలేదు. "సరేనండి" అని తలూపాను. చీటీ పట్టుకుని బయటికొచ్చాను. చెప్పులు వేసుకుంటుంటే నా కంఠం నాకే వినిపించింది, సరేనండి. ముప్ఫై గొంతులు ఒకేసారి అన్నట్టు వినిపించింది.

చెప్పులు వదిలి వెనక్కి వెళ్లాను. అప్పటికే మరొకామె కూర్చుంది. గుమ్మంలో నిలబడే అన్నాను, "డాక్టరు గారూ, మీరు చెప్పింది నాకు అర్థం కాలేదండీ."

ఆయన తలెత్తారు. "చదువుకున్నట్టున్నారు కదమ్మా?"

"చదువుకున్నానండి. అయినా కాలేదు. ఇంకొక్కసారి చెప్పండి. నేను తిరిగి చెబుతాను, తప్పుంటే దిద్దండి." బెంచీల మీద అందరూ నన్నే చూస్తున్నారు.

ఆయన కలం కింద పెట్టి మామూలు మాటల్లో చెప్పారు. నేను తిరిగి చెప్పాను. పాలు ఆపను, ఆరు గంటలు ఒంటికి పోకపోయినా, పిలిస్తే పలక్కుండా మగతగా ఉన్నా వెంటనే తీసుకొస్తాను, నీళ్లు వాంతి చేసుకుంటే పట్టడం ఆపేస్తాను. "ఆగండాగండి!" అన్నారాయన. "ఆపొద్దు. పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో మెల్లగా పట్టండి. ఆపితేనే ప్రమాదం." బండిలో రాహేలమ్మ గారు చేసింది అదే. నా కళ్లతో చూశాను. నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను. ఆ సాయంత్రం పాప మూడుసార్లు వాంతి చేసుకుంది. మూడుసార్లూ గడియారం చూసుకుని, పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచా పట్టుకున్నాను.

నేను బయటికి వస్తుంటే కుర్చీలో ఉన్న ఆమె, బురఖా పైకి తీసుకుని, "డాక్టరు గారూ, నాక్కూడా ఈ అమ్మకి చెప్పినట్టే చెప్పండి" అంది. ఆయన నవ్వి, కలం మూత పెట్టారు.

నిన్న మధ్యాహ్నం మా అత్తగారు ఊరి నుంచి వచ్చారు. బస్సు దొరక్క ఆలస్యమైందట. పాపకు నీళ్లు పడుతుంటే చూసి, "అదేంటే, విరేచనాలప్పుడు నీళ్లు పోస్తావు? ఇంకా ఎక్కువవవూ?" అన్నారు. నేను జవాబు చెప్పబోయి ఆగాను. మా వారి వైపు చూశాను. మొదటి రోజే ఆయన చేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. "నన్ను కూడా పరీక్ష రాయిస్తున్నావా?" అని విసుక్కున్నారు గానీ చెప్పారు. ఇప్పుడు వాళ్లమ్మ ముందు కూర్చుని, చెంబు చూపించి, ఒక్కొక్కటీ వివరంగా చెప్పారు. ఆవిడ చెయ్యి చాపి ఒక చుక్క పోయించుకుని నాలుక మీద వేసుకున్నారు.

"ఉప్పు ఇంతేనా?"

"ఏడిస్తే నోట్లోకొచ్చే నీళ్లంత. అంతకు మించకూడదమ్మా" అన్నారు మా వారు.

అత్తగారు ఆ రుచిని మళ్లీ చప్పరించి చూశారు. ఆవిడ ఇద్దరు పసిబిడ్డలను పోగొట్టుకున్నారని, ఎలా పోయారో ఎవరూ ఎప్పుడూ అడగలేదని నాకు తెలుసు. చెంచా నా చేతిలోంచి తీసుకుని, పాపను ఒళ్లోకి లాక్కుని, తనే పట్టడం మొదలుపెట్టారు. తలెత్తకుండానే అడిగారు, "ఈ కొలత ఎవరు చెప్పారే నీకు?"

సుబ్బమ్మత్త అన్నాను. ఎవరామె అన్నారు. అది చెప్పాలంటే రాహేలమ్మ గారి గురించి చెప్పాలి, ఆవిడ గురించి చెప్పాలంటే నా హరికథ గురించి చెప్పాలి. చెప్పాను. పాప చెంచా మింగి, ఇంకొకటి కావాలని నోరు తెరిచింది.